సూది కోసం వెళ్తే

కుతాయిసి ఆసుపత్రి నేలమాళిగలో
రోజుకి నాలుగొందల దుప్పట్లు దులుపుతాను.
దొరకనివంటూ లేవు. కట్టుడుపళ్ళు, సిలువ గొలుసు,
ఒకసారి సగం కొరికిన ఆపిల్ పండు.
ఆ మంగళవారం మాత్రం నేనే దానికి దొరికాను.
చూపుడువేలి పక్కన, చీమ కుట్టినంత.

మా అమ్మ బట్టలు కుట్టేది. సూదులంటే నాకేం భయం
అనుకుంటూనే చేతొడుగు తీశాను.
లోపల కందిగింజంత ఎరుపు.
"పిండకు, త్సియాలా, పిండకు!" ఇంగా అరుస్తోంది.
సబ్బు, నీళ్ళు. నీళ్ళు, సబ్బు.
ఎవరి పక్క? ఎవరి సూది?
దుప్పట్లకి పేర్లుండవు కదా.

ఇరవై ఎనిమిది రోజుల మాత్రలు.
నోటినిండా చిలుమెక్కిన ఇత్తడి రుచి.
ఆరు వారాలకి ఒక పరీక్ష, మూడు నెలలకి మరొకటి.
ఇంట్లో నా కప్పు వేరు, నా తువ్వాలు వేరు.
అక్కర్లేదని చెప్పారు. తెలుసు. అయినా వేరే.
వంకాయలు కోస్తూ వేలు తెగితే
గిన్నె గిన్నంతా పారబోశాను. జౌరీ ఏమీ అనలేదు,
రొట్టే జున్నూ తెచ్చుకుని తిన్నాడు.
రాత్రి మీద చెయ్యి వేస్తే గోడవైపు జరిగాను.
గోడ చల్లగా ఉంది. అదే నయమనిపించింది.

తొమ్మిదో రోజున పిలిచారు.
గుచ్చుకున్న రోజే తీసిన రక్తం అది.
సూదిలో ఏమున్నా ఇంకా అందులో కనబడకూడని రక్తం.
కాగితం మీద: హెపటైటిస్ సి. ఉంది.
"ఇది కొత్తది కాదు," అంది ఇంగా. "ఏళ్ళనాటిది."

సూది కోసం సోదికెళ్తే
పాత బాగోతం బయటపడింది.

తొంభై మూడు. కరెంటు లేని చలికాలం.
థియా పుట్టింది, నేను పోతున్నాను.
కిరోసిన్ దీపం కింద నాలోకి దిగాయి
రెండు సీసాల రక్తం. ఎవరిదో.
పేరడిగే తీరిక ఎవరికీ లేదు.
అప్పట్నుంచి ఏటా థియా పుట్టినరోజున
ఆ ఎవరికో ఒక కొవ్వొత్తి.

ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాదికీ ఒకటే గోళ్ళకత్తెర.
జౌరీ రేజరు అడక్కుండా వాడేదాన్ని.
ఇప్పుడు వాళ్ళిద్దరూ పరీక్షకి వెళ్ళాలి.
మందులున్నాయి, తగ్గిపోతుంది అంటోంది ఇంగా.
తగ్గుతుందనే నమ్ముతున్నాను.
కానీ రోగమంతా దుప్పట్లోనే ఉందనుకున్నాను నేను,
ఇన్నేళ్ళు వాటిని దులిపిన చెయ్యి మాత్రం...
చాల్లే.

నిన్న థియా పుట్టినరోజు. చర్చి గుమ్మంలో
ఒక కొవ్వొత్తి అడిగాను.
చిల్లర లేదని ఆవిడ రెండోది చేతిలో పెట్టింది.
మొదటిది ఎప్పటిలాగే వెలిగించాను.
వెలిగించే ముందు కాసేపు ఆగాను, అబద్ధమెందుకు.
రెండోది ఇంకా కోటు జేబులోనే ఉంది.
మంగళవారం మనిషి పేరున పెడదామంటే
ఆ మనిషికి అసలు ఏ జబ్బూ లేదేమో.

ఆరు వారాల పరీక్ష సోమవారం.