బురుల్ అక్క బూటు

శనివారం మధ్యాహ్నం రెండింటికి
మెషీన్ల మీద గుడ్డలు కప్పేశాం.
నా వంతు మూడొందల పది కాలర్లు,
ఐచురెక్‌వి నాలుగొందల జేబులు.
బురుల్ అక్క తన కాజాలు లెక్కపెట్టలేదు,
ఎవరూ అడగలేదు కూడా.

మినీ బస్సులో బిష్కెక్ బజారు దాటేదాకా
ఒంటికాలి మీద నిలబడ్డాం.
డ్రైవరు అద్దంలో మా మూటలు చూసి,
"పెళ్ళికా, చావుకా?" అన్నాడు.
"కొండకి" అంది జిపర్‌గుల్,
అదేదో మేనమామ ఇల్లయినట్టు.

ముప్పై నాలుగేళ్ళుగా
వంటింటి కిటికీలోంచి ఈ మంచునే చూస్తున్నాను.
అలా-అర్చా గేటు దగ్గర మాత్రం
ఎదురింటి మనిషిని ఇన్నాళ్ళకి
పేరడిగినట్టు సిగ్గేసింది.

గుడారం జిపర్‌గుల్ మరిదిది.
ఒక కర్ర తక్కువొచ్చింది,
కొలత టేపుతో చెట్టుకి కట్టేశాం.
రాత్రంతా ఏరు, నలభై మెషీన్లు
ఒక్కసారి తొక్కినట్టు.
నిద్రలో ఐచురెక్ కుడికాలు పెడల్ తొక్కుతూనే ఉంది,
నా పిక్క మీద.

పొద్దున్నే ఎక్కడం మొదలెట్టాం.
అర్చా పొదల ఘాటు, కొత్త పెన్సిల్ చెక్కినట్టు.
పది అడుగులకోసారి
ఎవరో ఒకరు లేసు ముడి వంకతో వంగుతున్నారు.
అసలు సంగతి ఆయాసం.
ఎక్కడో పైన ఈల వినబడితే
సూపర్‌వైజరనుకుని నలుగురం ఆగిపోయాం.
రాతి మీద మార్మట్!
పిల్లి కంటే లావు, మాకంటే బద్ధకం.
ఐచురెక్ దానికి ఓవర్‌టైమ్ వేసింది.

జలపాతం ఇంకో గంట ఉందనగా
అక్క కుడి బూటు నోరు తెరిచింది.
మడమ దాకా.
"మీరు పోయి రండి, నేనిక్కడే కూర్చుంటా."
మేం కదల్లేదు.
ముగ్గురి కాలర్లలోనూ సూదులున్నాయి,
నా జేబులో జీన్సు దారం.
"నా బూటు నేనే కుట్టుకుంటా" అని లాక్కుంది.

నడినెత్తిన ఎండ.
దారం కొస నాలుకతో తడిపి
సూది బెజ్జం పక్కనించి పోనిచ్చింది.
మళ్ళీ.
మళ్ళీ.
మేం అందరం ఒక్కసారే
కొండకేసి తిరిగాం.

కాజాల లెక్క ఎందుకు తప్పుతోందో
మాకు చలికాలం నుంచీ తెలుసు.
ఆమెకు తెలుసని తెలీదు.

"ఇటు తిరగండర్రా" అంది కాసేపటికి.
సూది నా చేతిలో పెట్టింది.
"అక్కడేదో తెల్లగా ఉంది. అంతే నాకు.
ఏముందో చెప్పండి."

రెండు పోగులు ఎక్కించి
రబ్బరులోకి సూదిని రాతితో నెడుతున్నాను.
ఐచురెక్ మొదలెట్టింది:
"లైనింగ్ బయటికి తిరగేసిన కోటు, అక్కా."
"భుజం దగ్గర ఇస్త్రీ పడలేదు" అంది జిపర్‌గుల్,
"మడతలు మడతలుగా ఉంది."
నేను దారం కొరికి,
"కింద అంచు కుట్టకుండా వదిలేశారు,
పోగులు వేలాడుతున్నాయి.
అదే జలపాతం" అన్నాను.
ఆమె కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.
"అయితే రిజెక్టే" అంది.
నవ్వలేక రాళ్ళు పట్టుకున్నాం.

కుట్టు నిలిచింది.
ఒక్కో రాయి దగ్గరా నా మోచెయ్యి అందుకుంది,
అడక్కుండా. నేనూ ఏమీ అనలేదు.
జలపాతం ముందర నిలబడి
మొహమంతా తుంపరకి ఇచ్చేసి
ఎక్కడ పడుతోందో వేలితో సరిగ్గా చూపించింది.
ఎండబెట్టిన పెరుగు గడ్డలు తిన్నాం.
పళ్ళు జివ్వుమన్నాయి.

దిగేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. మోకాళ్ళు మాట్లాడాయి.

సోమవారం సాయంత్రం సూపర్‌వైజర్ అరిచాడు:
"బురుల్, ఎన్ని?"
ఆమె నోరు తెరిచేలోపే
మూడు మెషీన్ల నుంచి మూడు అంకెలొచ్చాయి,
ఒకదానికొకటి పొంతన లేనివి.