ఒంటిచేతి కత్తి

బేగంబజార్ల గిన్నెల దుకాణాలు దాటినంక ఒక సందు,
రెండు స్కూటర్లెదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే.
అద్దాల పెట్టె వెనక ముస్తాక్ సాబు.
"మడిచే కత్తి గావాలె సాబ్, జేబుల పట్టేది."
"దేనికి?" అన్నడు.
గా ఒక్క మాటకు జవాబు జెప్పబోతే
పద్దెనిమిదేండ్ల పని గొంతుకు అడ్డం బడ్డది.

నేను ఖంబాలెక్కేటోన్ని.
మీ టీవీల బొమ్మ ఆగి చక్రం తిరిగినప్పుడల్లా
తిట్లు తినేది నేనే.
మెహదీపట్నం నుంచి లంగర్‌హౌజ్ దాక
ఏ తీగ ఏ తీగను చుట్టుకున్నదో నాకెరుక,
ఏ పావురం యాడ గూడు వెట్టిందో గుడ ఎరుకే.
ఇన్నేండ్లు తీగ తోలు పండ్లతోటే ఒలిచిన.
ముందటి పన్ను సగమే మిగిలింది,
అందుకే ఫొటోలల్ల నవ్వను.

మొదటిది తీసిండు సాబు.
నల్లది, జానెడు, వెన్ను మీద రంపం కోరలు.
తెరువంగనే ఛాయ్ దెచ్చిన పోరడు రెండడుగులు జరిగిండు.
వద్దు సాబ్,
రాత్రి పదకొండుకు పురానాపూల్ కాడ బండి ఆపితే
తీగలు కోసేటందుకంటె ఏ జవాను నమ్ముతడు?

రెండోది ఎర్రది, బొద్దుగున్నది.
కత్తెర, పేచ్‌కస్, సీస మూత తీసేది,
చేప పొలుసు గీకేది, పండ్లల్ల పెట్టుకునే పుల్ల.
అన్ని పనులొస్తయని చెప్పుకునే అల్లుని లెక్క,
ఏది బయటికి గుంజాలన్నా మన గోరు ఇరగాలె.
గా పుల్ల మీద జర మనసు వోయింది, అబద్ధమెందుకు.

నాకు పని నేర్పిన ఎల్లేశమన్న అంటుండె:
"మీదికెక్కినంక నీకు రెండు చేతులుంటయనుకోకురా,
ఒకటి ఖంబాకు కిరాయికిచ్చినవ్."
ఆయన కత్తికి తాళం లేదు.
గుడిమల్కాపూర్ పూల మార్కెట్ మీద
తీగ గట్టిదై, అలుగు మడిగి,
చూపుడువేలు కొస తెగి బంతిపూల గంపల వడ్డది.
ఎతికితే దొరకలే.
"ఏ దేవుని దండల వోయిందో" అని
మూడు గిన్నెల కల్లు తాగినప్పుడల్లా నవ్వేటోడు.
మిగిలిన వేలును మాత్రం జేబులనే వెట్టుకునేటోడు.

గందుకే దుకాణం షట్టర్ కడ్డీని
ఎడమచేత్తోని కౌగిలించుకున్న.
కండ్లు మూసుకున్న. కింద ఇరవై అడుగులున్నయనుకున్న.
కుడిచేతి బొటనవేలితోని ఒక్కొక్కటే తెరిచి చూసిన.
ఒకటి మొరాయించింది.
ఇంకోటి ఎంత జల్ది తెరుచుకున్నదో
అంత జల్ది మడుగుతనన్నది.
పోరడు ఛాయ్ గిలాసలు మరిచి నవ్వుతున్నడు.

ఆఖరుకొకటి, కందిపొట్టు రంగు పిడి,
చిటికెనవేలంత అలుగు.
చటుక్ మన్నది.
చెవికి గాదు, మణికట్టుకు ఇనొచ్చింది.
"మూసి చూడు" అన్నడు సాబు.
"తెరుచుడు అందరు చూస్తరు, మూసుడు ఎవ్వరడగరు."
తొడకానించి వొత్తిన. ఒద్దికగ ఇంట్లకు వోయింది.

ఆరువందల యాభై అన్నడు, అయిదువందల ఇరవైకి వొచ్చిండు.
పైసలు చేతికి తీసుకున్నడు గని
కత్తిని మాత్రం అద్దం మీద వెట్టిండు.
చేతికి చెయ్యి ఇయ్యొద్దంట, మాటలు తెగుతయంట.
మా నాయనమ్మ గుడ గట్లనే కిందవెట్టేది, ఉప్పునూ కత్తిపీటనూ.

ఇంటికి తెచ్చి మొదలు పాలపాకిట్ మూల కోసిన.
శ్యామల తిప్పి తిప్పి చూసింది,
ధర అడిగింది, నేను నాలుగువందలన్న.
గా రాత్రి గుడ చిన్నది ఉలిక్కిపడి లేచింది,
కలల కుక్కలొచ్చినయని.

పొద్దుగాల లంగర్‌హౌజ్‌ల ఖంబా మీద
ఎడమచెయ్యి కిరాయికిచ్చి, కుడిచెయ్యి జేబుల వెట్టిన.
తాళంచెవులు, టేపు చుట్ట, బీడీకట్ట.
కత్తి లేదు.

ఫోన్ చేస్తే శ్యామల గుసగుసగ అన్నది:
"దాని దిండు కింద వెట్టిన. ఇనుముంటె కలలు రావంటరు గద.
రాత్రంత మెదల్లేదు. ఇంక పండుకునే ఉన్నది, లేపాల్నా?"

వద్దన్న.
ఫోన్ జేబుల వేసుకొని
తీగను మెల్లగ
సగం పన్ను కాడికి తెచ్చుకున్న.