ఆధారం చూపాలి

పగలంతా రావులపాలెం సెంటర్లో
జెరాక్సు మిషను ముందు నిలబడతాను.
ఆధార్ కార్డులు, పట్టాదారు పుస్తకాలు,
జేబు చెమటకి మెత్తబడ్డ రేషన్ కార్డులు,
రెండు వైపులా రెండేసి కాపీలు.
రాత్రి షట్టరు దించేసి
అందరం కలిసి రాసే విజ్ఞాన సర్వస్వానికి
కాపలా కూర్చుంటాను.
పదకొండేళ్ళు. ఇరవై వేల పైచిలుకు దిద్దుబాట్లు.
ఎక్కడ ఒత్తు జారినా
నా కంట్లో ఇసక పడుతుంది.

మొన్న శ్రావణంలో, ఏరు ఎర్రగా ఉన్న రోజుల్లో,
ఎదుటి లంక పేజీలో
ఎవరో మూడు వాక్యాలు చేర్చారు.
కామా లేదు, ఫుల్‌స్టాపు లేదు.
"మాలంకలో ముందర రెండొందల ఇళ్ళు ఉండేయండి
ఇప్పుడు అరవై మూడండి
మిగిలినయ్యి ఏట్లో ఉన్నాయండి"

విజ్ఞాన సర్వస్వంలో ఈ 'అండి' ఏమిటని
ఒక్కణ్ణే నవ్వుకున్నాను.
ఆధారం లేదు. తీసేశాను.
నలభై సెకన్లు పట్టింది.

తెల్లారేసరికి చర్చాపేజీలో ఒక ప్రశ్న:
"నేనేం తప్పు రాసేనండి"
తయారుగా ఉన్న మూస ఒకటి అతికించాను.
ఏడు నియమాలు, ఏడు లింకులు,
చివర్న ఎర్ర త్రికోణం.
అదే జవాబనుకున్నాను.
గుమ్మంలోకొచ్చినవాళ్ళకి మంచినీళ్ళైనా ఇవ్వకుండా
పంపరని పేరుపడ్డ ఊళ్ళవాణ్ణి.

ఆ పేరు మళ్ళీ కనబడలేదు.
ఖాతా ఇంకా ఉంది. దిద్దుబాట్లు: రెండు.
ఒకటి చెప్పింది. ఒకటి అడిగింది.

ఆశ్వయుజంలో షాపుకి ఒకావిడ వచ్చింది,
పంటు దిగి, ఆటో ఎక్కి,
గోనెసంచిలో రిజిస్టర్లు మోసుకుని.
గెడ్డం మేరీరత్నం, లంకలో అంగన్‌వాడీ టీచరు.
పై ఆఫీసుకి కాపీలు కావాలట.
అట్టలు తడిసి ఆరి
అప్పడాల్లా లేచి ఉన్నాయి.
గాజు కింద వెలుగు పాకుతుంటే చదివాను.
ఇంటి నెంబరు, పెద్ద పేరు, పిల్లలెందరు,
పక్కన నీలం సిరాతో సన్నగా,
"ఏట్లో ఉంది."
కింది వరసలోనూ, "ఏట్లో ఉంది."
ఇంకో పేజీ.
ఇంకో పేజీ.
రెండొందల్లోంచి అరవై మూడు తీసేస్తే ఎంతో
నేను లెక్కపెట్టలేదు.

ఆ వాక్యాలు మీవేనా అని అడగలేదు.
డబ్బులొద్దన్నాను.
"అదేంటండీ, కాగితం మీదే కదండి"
చిల్లరతో సహా ఇచ్చేసి వెళ్ళింది.

చేతిరాత రిజిస్టరు చెల్లదు, నియమం నాకు తెలుసు.
ఏటికోత మీద అచ్చయిన నివేదికలు
ఏ బీరువాలో ఉంటాయో కూడా తెలుసు,
ఎనభై ఆరు వరదనాటి పేపర్లు
ఎవరింట్లో కట్టకట్టి ఉన్నాయో తెలుసు.
ఆ వెతుకులాట నేనైనా చెయ్యొచ్చని
ఆ నలభై సెకన్లలో తోచలేదు.

మా మేనమామ లొల్ల లాకుల దగ్గర లస్కరు.
కింది కాలవలోంచి ధాన్యం పడవొస్తే
ఎందుకంత కిందున్నావని అడిగేవాడు కాదు.
లోపలికి రానిచ్చి, వెనక తలుపు మూసి,
ముందు తూము కాస్త ఎత్తేవాడు.
నీళ్ళే వచ్చి పడవ కిందికి చేరేవి.
ఒక బీడీ కాలేంతసేపు.
తర్వాత ఆ పడవవాడు
తన గెడ తనే వేసుకుంటూ
పై కాలవలోకి పోయేవాడు.

నిన్న రాత్రి ఆ మూస తీసేశాను.
దాని చోట రాశాను:
"మీరు తప్పేం రాయలేదండి.
ఏ ఏడు ఏ వీధి పోయిందో గుర్తుంటే చెప్పండి,
అచ్చులో ఉన్నది నేను వెతుకుతాను."
పదకొండేళ్ళలో అక్కడ నేను రాసిన
మొదటి 'అండి' అది.

జవాబింకా రాలేదు.
లంకలో గట్టెక్కితేనే సిగ్నలొస్తుందని
ఆవిడే మాటల్లో అంది.
ఆ గట్టు ఎంత మిగిలిందో
ఇంకా ఎవరూ రాయలేదు.