చల్లారిన కాఫీ

సెప్టెంబరు. సైమా సరస్సు ఒడ్డున
పన్నెండుమందిమి, అందరం పెద్దవాళ్లమే,
కొత్త బూట్లు కరుస్తుంటే పైకి చెప్పుకోలేక
బిర్చి దుంగల మీద కూర్చున్నాం.
ఎవరి పిల్లలనో అడవికి తీసుకెళ్లే ముందు
మేం పనికొస్తామో లేదో తేల్చే రెండు రోజులు.

క్యుల్లిక్కి వచ్చింది. అరవై తొమ్మిదేళ్లు.
నలభై ఏళ్లు ఉత్తరాలు పంచిన కాళ్లు.
అగ్గిపెట్టె చేతికిచ్చి మంట వెయ్యమంది,
తడి కట్టెలు, ఎదురుగాలి.
మూడో పుల్లకే గెలిచి చుట్టూ చూశాను.

"బాగుంది. ఇప్పుడు ఆర్పెయ్.
చేతులు జేబుల్లో పెట్టుకో.
పదేళ్ల పిల్ల పందొమ్మిది పుల్లలు పాడుచేసి
ఇరవయ్యోది ఇమ్మంటుంది.
అందాకా చెయ్యి బయటికి తియ్యకుండా ఉండగలవా?
పరీక్ష అది."

పన్నుల ఆఫీసులో పదహారేళ్లుగా
ఊరందరి తప్పులూ దిద్దిన చేతులు.
జేబుల్లో అవి
ఒడ్డున పడ్డ చేపల్లా కొట్టుకున్నాయి.

తలలు లెక్కపెట్టడం నేర్చుకున్నాం.
బస్సు దిగాక, పడవ ఎక్కేముందు, ఎక్కాక,
భోజనాల తర్వాత, ఊరికే కూడా.
"లెక్క తప్పితే అరవకండి, మళ్లీ లెక్కపెట్టండి.
అరవాల్సింది ఉంటే తర్వాత,
తీరిగ్గా,
ఏ చెట్టుమీదో అరుచుకోండి."

రాత్రి టార్చీలు లాగేసుకుని
ఒక్కొక్కరినీ ఒక్కో స్ప్రూస్ కింద వదిలేసింది
నలభై నిమిషాలు.
ఎక్కడో ఓ పుల్ల విరిగింది.
నాకు నలభై మూడేళ్లని
ఆ చీకటికి ఎవరూ చెప్పినట్టు లేరు.
తిరిగొస్తే, భయమేసిందా అని అడగలేదు,
వేడి బెర్రీ రసం గిన్నెతో ఇచ్చింది.
"మీరూ అడక్కండి. వేసే ఉంటుంది."

మంట చుట్టూ, అందరిలోకీ చిన్నవాడు, ఇల్పో,
కాగితం చూసి చదివినట్టు అడిగాడు:
"పక్క తడిపే పిల్లలుంటే?"

"తెల్లారకముందే లేవండి.
కాఫీ కాచుకోండి. చల్లారనివ్వండి, అది ముఖ్యం.
ఆ పక్కమీద ఒలకబొయ్యండి.
తర్వాత మిమ్మల్ని మీరే తిట్టుకోండి,
సరస్సు అవతలికి వినపడేలా."

అందరం నవ్వాం, రౌనో తప్ప.
గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి,
గుండెలదాకా గడ్డం, పొద్దుట్నించీ మాట లేదు.
"కాఫీ అయిపోతే?" అన్నాడు.
"సూప్."
"నాకు తొమ్మిదేళ్లప్పుడు" అని మొదలెట్టి
ఆగి,
మంటకి అక్కర్లేని దుంగ ఒకటి
మంటలోకి తోశాడు.

ఆదివారం ఫారాలు నింపారు.
ప్రథమ చికిత్స, టిక్కు. నీటి భద్రత, టిక్కు.
దిక్సూచి, పటం: ఇంకా సాధన చెయ్యాలి.
కాఫీకి గడి లేదు.

జూన్. చీకటి పడని రాత్రుల కాలం.
నాలుగున్నరకి ఓ గుడారం జిప్పు
పళ్లు కొరికినంత నెమ్మదిగా తెరుచుకుంది.
నూట్టి, తొమ్మిదేళ్లు, చంకలో పక్క చుట్ట,
ఎటు పోవాలో తెలీక నిలబడ్డాడు.
దాక్కుందామంటే కాస్త చీకటైనా లేదు,
నీళ్లమీద అంతా తెల్లటి వెలుతురు.

నేను మగ్గు పట్టుకుని అటే వచ్చాను.
అక్కడో వేరు ఉంది.
లేకపోయినా నా కాలికి తగిలింది.

"అయ్యో, నా చేతులు పడిపోను!
నీ పక్కంతా తడిపేశానురా అబ్బాయ్!"

నీటికోళ్లు లేచాయి. రెండు గుడారాలు కదిలాయి.
పొయ్యి దగ్గర రౌనో
ఇటు తిరగకుండా గరిటె తిప్పుతూనే ఉన్నాడు.

నూట్టి పక్క వైపు చూశాడు,
నా వైపు చూశాడు,
మగ్గు వైపు కొంచెం ఎక్కువసేపే చూశాడు.

"పర్లేదులే" అన్నాడు,
"రేపట్నించి చూసి నడువు."