పిట్ట ముట్టిన యాళ్ళ

మూడొద్దుల నాడు పొద్దుగాల
మర్రిగూడ తొవ్వల, మా పెద్దనాయిన బొందకాడ
మోదుగాకు ఇస్తరిల ఆయనకిష్టమైనయన్నీ పెట్టినం.
జొన్నగటక, బోటికూర, ముంతెడు కల్లు,
రెండు బీడీలు, అగ్గిపెట్టె కూడ.
అగ్గిపెట్టె మీద అండాలక్క చిన్న రాయి వెట్టింది
గాలికి పోకుండ.

మొన్న పండవెట్టినప్పుడే నడుము సాపు కాలె.
ముప్పయ్యేండ్లు బోరునీళ్ళు వంచిన ఎముక
పానం పోయినా మాట ఇనలె.
పాడె కట్టే సాయిలు రెండుసార్లు బొంగులు ఇప్పి కట్టి
ఆఖరికి పక్కకు ఒరగవెట్టిండు,
బస్సు కిటికీకి తల ఆనిచ్చి నిద్రవోయినట్టు.
బొంద తవ్వెటోళ్ళు పొడుగు తగ్గించి, వెడల్పు పెంచిండ్రు.
ఎవరూ ఏమనలె.
మా ఊర్ల గది కొత్త కొలత కాదు.

ఇగ పిట్ట.
కరెంటు తీగ మీద ఒక్కటే ఉంది.
మేమంత దూరం జరిగి తుమ్మచెట్టు నీడల కూసున్నం.
గంటాయె.
ఎండ కుంకుడు రసం లెక్క కండ్లల్ల పడ్తుంది.
నేను బడిల సైన్సు చెప్పెటోన్ని.
కడుపు నిండితే కాకి దిగదు, అంతే,
అన్న పక్కకున్న మంగలి కొమరయ్యతోని.
కత్తుల సంచి ఒళ్ళె వెట్టుకొని
"నిండనిది కాకి కడుపు కాదు సారూ" అన్నడు.

అప్పుడు మొదలయినయి మాటలు.
శ్రీశైలం లేచి, తువ్వాల నడుముకు చుట్టి
"బాపూ, చెల్లెకు రోడ్డువారి పది గుంటలు రాసిస్త" అన్నడు.
పిట్ట రెక్క గోక్కున్నది.
చిన్నాయిన లింగుసామి, ఆరేండ్ల సంది మాటలేని మనిషి,
"అన్నా, బోరు వైరు కోసింది నేనే. కలుపుత" అన్నడు.
ఊరంత ఎరికున్న ముచ్చటే,
ఆయన నోట ఇనుడు మాత్రం అదే మొదలు.
కోడలు సునంద, అత్త పింఛను కార్డు అత్తకే ఇస్తనన్నది.
కల్లు మండువ పాపయ్య గౌడు
"నూటెనబై బాకీ కొట్టేసిన, ఇగ తిను మామా" అన్నడు.
నవ్వినం. ముక్కు తుడుసుకుంట నవ్వినం.
అవుతల ఒక్కడే కూసున్న డప్పు ఎంకటయ్య
ఏమీ అనలె. అనమని ఎవరూ అడగలె.
డప్పు పైసలు గూడ ఇంక ఇయ్యలె.

నేను కూడ ఒకటన్న. లోపల్నే.
పెద్దనాయినా,
ఎనిమిదో తరగతికి ఫ్లోరైడు పాఠం చెప్పిననాడు
నిన్ను బడికి పిలిచి, పిల్లల ముందల నిలవెట్టి
స్కేలు కొసతోని నీ వెన్నెముక చూపించిన.
నువ్వు అంగీ ఇప్పి, సిగ్గుతోని నల్లబల్ల దిక్కు తిరిగినవు.
పిల్లలు రాసుకున్నరు.
పోతున్నప్పుడు నీకు చాయ్ గూడ పొయ్యలె నేను.

గంతల బుగ్గమ్మ పెద్దమ్మ లేచింది.
"అన్ని పెట్టిండ్రు, నీళ్ళేవిరా?
జల్మంత నీళ్ళు నీళ్ళన్న మనిషి ముంగట
మంచినీళ్ళేవి?"
ఎవడో నల్లా నీళ్ళకు బండి తీసిండు.
మేమంత ఆ దుమ్ము దిక్కు చూసి, మర్లి చూస్తే
గటక చెదిరి ఉంది. బోటి ముక్క లేదు.

ముట్టింది.
ఎప్పుడు ముట్టిందో, ఎవరి మాటకు ముట్టిందో
చూసినోడు లేడు.

అందుకే ఎవడూ మాట ఎనక్కి తీస్కోలేకపోయిండు.
వైరు కలిసింది.
కార్డు బుగ్గమ్మ బొడ్లె సంచిల ఉంది.
పది గుంటలు ఎనిమిదయినయి, గని రాసిండు.
ఎంకటయ్యకు పండుగకు ఇస్తమన్నరు.
ఏ పండుగకో చెప్పలె.

కాకి మొఖాలు యాదివెట్టుకుంటదని
పిల్లలకు నేనే చెప్త.
నా మాట మాత్రం పిట్ట గూడ ఇన్నదో లేదో.
లోపల అనుకున్న మాట
తాళమెయ్యని సైకిలు, ఎటన్న పోతది.

మొన్న ఆ పాఠం మళ్ళ వచ్చింది.
నల్లబల్ల దిక్కు తిరిగి ఎముక బొమ్మ గీస్తున్న.
నిరుడు కిటికీల నుంచి తొంగి చూసిన పిల్ల
ఈయేడు ముందు బల్ల మీద ఉంది.
"సారూ, గా తాత ఇగ రాడా?"

చాకుపీసు కింద పెట్టిన.
అందరికి ఇనవడేటట్టు చెప్పిన.