నాలుగు మార్కుల గంట

ఏప్రిల్. హన్మకొండల స్పాట్ వాల్యుయేషన్.
ఫ్యాను తిరుగుతనే ఉన్నది, గాలే కిందికి దిగుతలేదు.
రోజుకు నలభై పేపర్లు,
ఎర్రపెన్ను, వేడెక్కిన నీళ్ల బాటిలు,
మెడ మీద తడి దస్తీ.

ఆరో ప్రశ్న ఇంగ్లీషు పద్యం మీద:
పొగమంచులో రేవుగంట ఎందుకు మోగుతుంది?
నాలుగు మార్కులు.

మా చేతికిచ్చిన కీ పేపర్ల ఒక్కటే వాక్యం:
గంట ఒంటరితనానికి ప్రతీక.

పొద్దటిసంది ముప్పయ్యొక్క మంది
గదే వాక్యం రాసిండ్రు.
ఒంటరితనం అనే ఇంగ్లీషు మాటల
ముప్పయ్యొక్క చోట్ల ఒకటే అక్షరం పోయింది.
చౌరస్తల అమ్మే గైడుల అచ్చుతప్పు.
ఒంటరితనం గూడ గుంపుగనే వచ్చింది.

నవ్వొచ్చింది గని నవ్వలే.
ఈ పద్యం పుస్తకంల నుంచి పోయి మళ్లొచ్చింది.
నేనూ చదివిన, జమ్మికుంటల, పదో తరగతిల,
ఇంగ్లీషు లైన్ల మీద పెన్సిలుతోటి తెలుగు రాసుకొని,
ప్రతి మాట నెత్తిన ఇంకో మాట,
నాటుకు పోయే ఆడోళ్ల నెత్తిన సద్దిగిన్నె లెక్క.

ఫాగ్ అన్న కాడ ఏం రాయాల్నో తెల్వలే.
అడుగుదామంటే కమలాకర్ సారు చేతిల బెత్తం.
చెవికి దగ్గరున్న మాటే రాసుకున్న: పొగ.

ఏడాదంత నా రేవు తగలబడ్డది.
ఓడలు మండుతుంటే ఎవడో గంట కొడుతున్నడు.
ఒడ్డు మీద ఒక్కడన్న బిందె పట్టుకొని ఉరుకుతలేడు.
చుట్టూ గన్ని నీళ్లు పెట్టుకొని
ఏం మనుషులురా అని తిట్టుకున్న.

పరీక్షల మాత్రం సారు బట్టీ పట్టిచ్చిన జవాబు
కామా పోకుంట దించిన.
నాలుగుకు నాలుగు.

ఆరేండ్లకు, బీయెడ్ల,
కాజీపేట ప్లాట్‌ఫారం మీద
పక్కన గొంగడి కప్పుకున్నాయన అన్నడు:
ఢిల్లీ దిక్కు ఫాగట బిడ్డా, బండి మూడు గంటలు లేటు.
పొగ కాదా, అన్న.
మంచు, అన్నడు, తొవ్వ కానరాని మంచు.
నిలవడ్డకాన్నే నా రేవుల మంటలారినయి.
గన్నేండ్లు కాలిన ఓడలు
నీళ్ల మీద తడిగ, సల్లగ కనవడ్డయి.

ముప్పైరెండో పేపరు.
పేరుండదు, నంబరే.
పొట్టి అక్షరాలు, కుడిదిక్కు ఒరిగినయి.
ఇంగ్లీషు కుంటుతున్నది, అయినా ఆగుతలేదు.

మా నాయిన జిన్నింగు మిల్లుల చేస్తడు, అని రాసింది,
లోపల దూది లేస్తే మనిషికి మనిషి కానరాడు,
సైరను కూస్తే ఆ సప్పుడు పట్టుకొని బయటికొస్తరు,
నాయిన కనుబొమ్మలు తెల్లగుంటయి.
రేవుల గంట గూడ గందుకే.
ఒంటరి అని కాదు.
ఇటు తొవ్వ ఉన్నదని.

రాసింది పిల్లనో పిలగాడో, నాకెందుకో పిల్లే అనిపించింది.

పత్తి బండ్లు మా గల్లీల నుంచే పోయేటివి.
కంపచెట్లకు దూది, కరెంటు తీగెలకు దూది,
ఎండవెట్టిన నా లంగావోణీకి దూది.
మంచు కోసం నేను సముద్రం దాకా పోయిన.

చీఫ్ ఎగ్జామినర్ సోమనర్సయ్య సారుకు చూపిచ్చిన.
కండ్లద్దాలు పైకి జరిపి చదివిండు. మళ్ల చదివిండు.
కీల లేదు కదమ్మా, అన్నడు.
గ్రామరు జూడరాదు, అన్నడు.
పేపరు నా చేతిల పెట్టుకుంట
మా అన్నకూ గట్లనే ఉండేటియి కనుబొమ్మలు,
అనుకుంట చాయ్‌కు పోయిండు.

రెండు వేసిన.
కొట్టేసి నాలుగు వేసిన.
కొట్టేసిన కాడ సంతకం పెట్టాల్నని రూలు.
పెట్టిన.

ముప్పైమూడో పేపరు.
గంట ఒంటరితనానికి ప్రతీక.
స్పెల్లింగు సుత సరిగ్గున్నది.
నాలుగుకు నాలుగు.
లోపల్లోపల ఎవరి రేవన్న కాలుతుందో ఏమో,
పేపరు ఎత్తి వెలుతురుకు పట్టి చూసిన.