ఊరికి సదరం క్యాంపు

మోకాలు వంచమన్నడు డాక్టరు.
వంగదని ఆయనకూ తెల్సు,
కాగితం మీద గడి ఉన్నది గనక అడిగిండు.
చిన్ననాడు మర్రిగూడ దిక్కు బోరింగు నీళ్లు
ఎంత కమ్మగ తాగిన్నో
అంత గట్టిగ కీళ్లల్ల కూసున్నయి.
డెబ్బై రెండు శాతమని రాసిండు.
మల్సూరుకు నూటికి నూరు.
"బళ్లె ఎన్నడన్న వచ్చినయా గీ మార్కులు"
బయటికొచ్చినంక వాడే నవ్విండు.
నవ్వు ఆగినంక, సినిమాకు పోదమన్నడు.

టాకీసుకు పదకొండు మెట్లు.
నా మూడు గీరెల బండి కింద,
కావలి పిలగానికి పది రూపాయలిచ్చి.
నేను మల్సూరు వీపు మీద.
లెక్క నాది, అడుగు వానిది.
ఎనిమిదో మెట్టు కాడ ఎవడో ఫోన్ల పట్టిండు మమ్ముల,
"సూపరన్నా" అన్నడు.
ఎనకట మా తెలుగు సారు
దీన్ని అంధపంగు న్యాయమంటరని చెప్పిండు:
గుడ్డోని భుజాల మీద కుంటోడు.
సారూ, గిది న్యాయమెట్లయితది?
ఇద్దరు మనుషులు కల్సి
మెట్లకు లొంగిపోవుడు గదా.

లోపట చీకటి.
చీకట్ల అందరూ మల్సూరే,
తెర ఎలిగేదాంక.
ఆ తర్వాత నా పని మొదలు, వాని చెవుల:
వానొస్తుంది. ఆమె గొడుగు తెరుస్తలేదు.
ఉత్తరం చింపింది.
కాదు కాదు, మడత వెట్టింది.
ఎనక సీటాయన "ష్" అన్నడు.
మల్సూరు నా మోచెయ్యి గిల్లిండు:
"అందరు గమ్మునున్నరు. ఏమైతుందిర?"
ఆమె చూస్తుంది. అంతే.
"ఎట్ల చూస్తుంది?"
మాట దొరకలె నాకు.
కరెంటు పోయినప్పుడు
బల్బు దిక్కు చూసినట్టు, అన్న.
ఆరేండ్ల దాంక కండ్లున్నోడు.
"ఆ" అన్నడు, చానసేపటికి.

మిషను కుట్టే షాహెదా మాతోని రాలె.
తెర కింద అక్షరాలేస్తె వస్తనని
పోయినేడే చేతులతోని చెప్పింది.
అడిగితె మేనేజరు పడి పడి నవ్విండు:
తెలుగు సినిమాకు తెలుగు అక్షరాలెందుకమ్మా!
ఆ నవ్వు ఒక్కటే
అక్షరాల్లేకుంట ఆమెకు అర్థమైంది.

నా మనసుల ఒకటున్నది.
నల్లగొండకు సదరం క్యాంపు పెట్టాలె.
గడియారం సెంటర్ల టేబులేసి,
టోకెన్లిచ్చి, పొద్దుగాల్ల సంది ఎండల నిలవెట్టి,
పేరు పేరున పిలవాలె.
బస్సూ, జర కిందికి వంగు. ఇంకింత.
వంగరాదా? రాసుకోండ్రి.
ఫుట్‌పాతూ, నాలుగడుగులు నడిచి చూపెట్టు,
ట్రాన్స్‌ఫార్మర్ను పట్టుకోకుంట.
ఏటీఎమ్మూ, నోరు తెరువు,
ఖాతల ఎంతున్నదో మల్సూరుకు ఒక్క మాట చెప్పు.
మాట రాదా? పుట్టుకతోనేనా?
సోమవారం అర్జీలు తీసుకునే మేడమీది గదీ,
నువ్వు దిగిరా. ఎవ్వరు ఎత్తుకోరు.
రాలేవా,
మళ్ల వారం రా.

ఆట ఇడిసినంక పక్క వాకిలి నుంచి వచ్చినం.
మల్సూరు కాలు ఆగింది.
"గిది మెట్టు కాదుర, జారుతుంది."
చూస్తె కొత్త సిమెంటు, ఏటవాలు.
ర్యాంపు!
ఎవ్వరూ చెప్పలె మాకు.
గుట్టెక్కినంత నిటారు, అయినా ర్యాంపే.
మెల్లగ దిగినం, నా గడ్డం వాని నెత్తి మీద.
అడుగుకొచ్చేసరికి కుల్ఫీ బండి అడ్డం,
బండాయన ఎటు పోయిండో.
ఓ అన్నా, అని పిలిచిన.
మల్సూరు తడుముకుంట తడుముకుంట
బండికున్న గంట దొరకవట్టిండు.
ఇగ కొడ్తనే ఉన్నడు.

నలుగురు పిల్లలు
పైసలు గుప్పిట్ల పట్టుకొని ఉరికొచ్చిన్రు.
బండాయన ఇంకా రాలె.